పికప్‌కు అదనపు పట్టీలు: బండి కూర్చోదు, మరి ఆ బరువు ఎటు పోతుంది?

కొత్త పికప్ షోరూం గేటు దాటాక చాలామంది ఓనర్లు మొదటి కిరాయి కంటే ముందు వెళ్లేది కమాన్ కట్టల షాపుకే. హైదరాబాద్ ఆటోనగర్ అయినా, విజయవాడ జవహర్ ఆటోనగర్ అయినా, జిల్లా కేంద్రంలో బైపాస్ పక్కన ఉండే రేకుల షెడ్డు అయినా అడిగేది ఒక్కటే. "ఉస్తాద్, వెనక రెండు పట్టీలు వెయ్యి. లోడు వేస్తే బండి కూర్చోకూడదు." కాసేపట్లో పని అయిపోతుంది. బండి వెనక భాగం నాలుగు వేళ్ల ఎత్తు లేస్తుంది. ఆ తర్వాత ట్రాలీకి పక్క రేకులు పెంచుతారు, పైన జాలీ కట్టిస్తారు. ఒక టన్నుకు తయారైన బండి రెండు టన్నులకు 'రెడీ' అయిపోతుంది.

దీన్ని ఓనర్ దురాశ అని కొట్టిపారేయడం తేలికే. కానీ మన ఇళ్లలో చాలా వాటికి ఆ ఒక్క బండే ఆధారం. తండ్రి నడుపుతాడు, తమ్ముడు లోడు ఎత్తుతాడు, నెల తిరిగేసరికి ఫైనాన్స్ కంపెనీకి కిస్తీ కట్టాలి. డీజిల్ ధర పెరిగింది, కిరాయి మాత్రం అంతగా పెరగలేదు. సరుకు ఇచ్చే పార్టీ "ఒకే ట్రిప్పులో అయిపోవాలి, లేదంటే వేరే బండి చూసుకుంటా" అంటాడు. పక్క బండివాడు రెండు టన్నులు వేస్తుంటే తాను ఒక టన్ను దగ్గర ఆగితే కిరాయి పోతుందన్న భయం ఉంటుంది. పట్టీ వేయించడం వెనక ఉన్నది ఈ లెక్కే.

పట్టీ వేశాక బండి కూర్చోదు, అది నిజమే. కానీ బరువు తగ్గలేదు కదా. అది టైర్ల మీద, బేరింగుల మీద, యాక్సిల్ మీద, ఛాసిస్ మీద, బ్రేకుల మీద అలాగే ఉంది. బండి కూర్చోవడం అంటే "ఇక చాలు" అని బండి చెప్పే మాట. అదనపు పట్టీ ఆ మాట వినపడకుండా చేస్తుంది, అంతే. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

కమాన్ కట్ట చేసే పనులు మూడు

పికప్ వెనక చక్రాల దగ్గర విల్లులా వంగి కనిపించే ఉక్కు పట్టీల దొంతరే కమాన్ కట్ట. పైన పొడవాటి మెయిన్ పట్టీ ఉంటుంది, దాని కింద ఒకదాని కంటే ఒకటి చిన్నవి ఉంటాయి. మెయిన్ పట్టీ రెండు చివరలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ముందు చుట్టను బుష్, పిన్నుతో ఛాసిస్‌కు బిగిస్తారు. వెనక చుట్టను షాకిల్ అనే ఊగే ముక్కకు తగిలిస్తారు. బరువు పడినప్పుడు వంపు తగ్గి కట్ట పొడవు పెరుగుతుంది. ఆ పొడవుకు చోటు ఇచ్చేది షాకిల్. కట్ట నడుమ సెంటర్ బోల్ట్ పట్టీలన్నిటినీ ఒకటిగా పట్టి ఉంచుతుంది. రెండు యూ బోల్టులు ఆ కట్టను యాక్సిల్‌కు బిగించి ఉంచుతాయి.

ఈ కట్ట మోసేది బరువు ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. అది మూడు పనులు చేస్తుంది. ఒకటి, బరువు మోయడం. రెండు, గుంతల్లో పడ్డప్పుడు వచ్చే దెబ్బను తాను వంగి మింగేయడం. మూడోది చాలామందికి గుర్తుండదు. వెనక యాక్సిల్‌ను దాని చోటులో నిలబెట్టడం. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేందుకు వేరే రాడ్లు ఉండవు. ఇంజిన్ తోసినప్పుడు వచ్చే బలం, బ్రేకు వేసినప్పుడు వచ్చే బలం, రెండూ మెయిన్ పట్టీ ముందు చుట్ట గుండానే ఛాసిస్‌కు చేరతాయి. కాబట్టి కమాన్ కట్ట విరిగితే బండి ఒక పక్కకు వంగడంతోనే ఆగదు, వెనక చక్రాలు దారి తప్పుతాయి.

పట్టీ మారింది, టైరు మారలేదు

బండి మొత్తం బరువు ఎంత ఉండవచ్చో కంపెనీ నిర్ణయిస్తుంది. ఆర్‌సీలో రాసి ఉండే గ్రాస్ వెహికల్ వెయిట్ అదే. ఖాళీ బండి, సరుకు, డ్రైవర్, డీజిల్ అన్నీ కలిపి ఆ అంకె దాటకూడదు. మన దగ్గర చోటా హాథీ అని పిలుచుకునే టాటా ఏస్ రకాన్ని బట్టి ముప్పావు టన్ను అటూ ఇటూ సరుకు మోయడానికి తయారైంది. మహీంద్రా బొలేరో పికప్‌లో 1.7 టన్నుల సరుకు మోసే రకం కూడా ఉంది. ఈ అంకె ఒక్క కమాన్ కట్టను చూసి పెట్టింది కాదు. టైరు, రిమ్ము, వీల్ బేరింగ్, యాక్సిల్, ఛాసిస్, బ్రేకు, స్టీరింగ్ అన్నిటినీ చూసి పెట్టింది. వీటిలో ఏది అన్నిటికంటే తక్కువ మోయగలదో దాని శక్తే బండి శక్తి.

టైరునే చూడండి. పక్క గోడ మీద సైజు తర్వాత లోడ్ ఇండెక్స్ అనే అంకె ఉంటుంది. అది 100 అయితే ఆ టైరు నిండా గాలితో గరిష్ఠంగా 800 కిలోలు మోస్తుంది. వెనక రెండు టైర్లున్న బండికి ఆ లెక్కన వెనక యాక్సిల్ మీద 1,600 కిలోలే హద్దు. ఇందులో బండి వెనక భాగం సొంత బరువు కూడా కలిసి ఉంది. పైన ఎన్ని పట్టీలు వేసినా టైరు మీది అంకె మారదు. ఎండాకాలం మధ్యాహ్నం, గాలి కొంచెం తక్కువ, బరువు ఎక్కువ, హైవే మీద 80 స్పీడు. టైరు లోపల వేడి పుట్టి పొరలు విడిపోవడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

బరువు ఎక్కువైతే బండి కూర్చోవడం వల్ల ఒక మేలు ఉండేది. డ్రైవర్‌కు కళ్లకు కనిపించేది. గుంతలో యాక్సిల్ రబ్బరు బఫర్‌కు తగిలి 'ధబ్' మని చప్పుడు వచ్చేది. పట్టీలు పెంచాక ఆ చప్పుడు రాదు. కట్ట గట్టిపడింది కాబట్టి గుంత దెబ్బను తాను వంగి మింగదు, నేరుగా పైకి పంపిస్తుంది. షాకిల్ బ్రాకెట్లు రివెట్ల దగ్గర కదలడం, ఛాసిస్ మీద సన్నని పగుళ్లు రావడం, బేరింగులు మోత పెట్టడం వంటివి మొదలవుతాయి. ఇవి ఒక్కరోజులో కనిపించవు. నెలల మీద పెరుగుతాయి.

అన్నిటికంటే తక్కువ తెలిసిన విషయం: బ్రేకు

చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వ్ అనే చిన్న భాగం ఉంటుంది. ఒక రాడ్డు గానీ స్ప్రింగు గానీ దాన్ని యాక్సిల్‌కు కలుపుతుంది. దాని పని ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య దూరం చూడడం. లోడు పడి బండి కిందికి దిగితే "బరువు ఉంది" అని గ్రహించి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. బండి పైకి ఉంటే "ఖాళీగా ఉంది" అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. ఖాళీ బండికి వెనక బ్రేకు బలంగా పడితే చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతుంది కాబట్టి ఈ ఏర్పాటు చేశారు.

ఇప్పుడు అదనపు పట్టీల సంగతి చూడండి. రెండు టన్నులు వేసినా బండి కిందికి దిగదు. వాల్వ్ మాత్రం బండి ఖాళీగా ఉందనుకుంటుంది. బరువు అన్నిటికంటే ఎక్కువ ఉన్నప్పుడే వెనక బ్రేకు తక్కువ పడుతుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి, బండి ఆగే దూరం పెరుగుతుంది. "బ్రేకు ఫెయిలైంది సార్" అని డ్రైవర్ చెప్పే చాలా సందర్భాల్లో పెడల్, ఆయిల్ చూస్తారు. ఈ వాల్వ్‌ను ఎంతమంది చూస్తారు? పట్టీ వేసిన షాపులో ఆ రాడ్డును మళ్లీ సెట్ చేయించుకున్నవాళ్లు అరుదు. కొన్నిచోట్ల అడ్డం వస్తోందని దాన్ని ఊడదీసి తీగతో కట్టేస్తారు కూడా.

దీనికి తోడు సాధారణ లెక్క ఒకటి ఉంది. అదే స్పీడులో బరువు ఒకటిన్నర రెట్లు అయితే బ్రేకులు ఆర్పాల్సిన శక్తి కూడా ఒకటిన్నర రెట్లు అవుతుంది. స్పీడు 40 నుంచి 60కి పెరిగితే ఆ శక్తి రెండు రెట్లు దాటుతుంది. బరువూ స్పీడూ రెండూ పెరిగిన బండిని కంపెనీ ఇచ్చిన బ్రేకు ప్యాడ్లే ఆపాలి.

ఏది, ఎలా విరుగుతుంది?

కమాన్ ఉక్కు ఒక్క దెబ్బకు విరగడం తక్కువ. వేలసార్లు వంగి లేచి అలసిపోయి విరుగుతుంది. ప్రతిసారీ వంగే బలం కొంచెం పెరిగినా దాని ఆయుష్షు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా తగ్గుతుంది. పైగా అదనంగా వేసిన పట్టీ వంపు, మందం మిగతా వాటితో సరిపోకపోతే బరువు అన్నిటి మీద సమానంగా పడదు. కొత్త పట్టీ చివర ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడే పై పట్టీకి పగులు వస్తుంది. కొత్త తరం బండ్లలో పారాబోలిక్ పట్టీలు ఉంటాయి. ఇవి నడుమ, చివరల్లో తప్ప ఒకదానికొకటి తగలకుండా తయారవుతాయి. వాటి మధ్య మామూలు పట్టీ దూర్చితే ఆ ఏర్పాటంతా చెడిపోతుంది.

పాత లారీ పట్టీని గ్యాస్ కట్టర్‌తో కోసి సైజు చేసి వేయడం మరో పద్ధతి. కమాన్ ఉక్కుకు దాని బలం వేడిచేసి చల్లార్చే పద్ధతి వల్ల వస్తుంది. గ్యాస్ మంట తగిలిన చోట ఆ బలం పోతుంది, లేదా ఆ చోటు పెళుసుగా మారుతుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ చేయించినా ఇదే సంగతి. అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

ఇక యూ బోల్టులు. పట్టీలు పెరిగితే కట్ట మందం పెరుగుతుంది. పాత యూ బోల్టు పొట్టిదైపోయి నట్టుకు సరిపడా మరలు దొరకవు. అయినా పాతదే బిగించేస్తారు. కొంత దూరం తిరిగాక పట్టీలు సర్దుకుని బిగింపు వదులవుతుంది. కొత్త పని చేయించాక కొన్ని వందల కిలోమీటర్లకు మళ్లీ బిగించుకోవాలన్న మాట చాలామందికి ఎవరూ చెప్పరు. యూ బోల్టు వదులైతే యాక్సిల్‌ను ఆపే భారం సెంటర్ బోల్టు మీద పడుతుంది. ఆ సన్నటి బోల్టు తెగితే యాక్సిల్ ఒకవైపు వెనక్కి జరుగుతుంది. బండి తిన్నగా పోతున్నట్టే ఉంటుంది, కానీ వెనక భాగం పక్కకు నడుస్తుంది. వెనక వస్తున్న బండివాళ్లకు అది ఎండ్రకాయలా ఏటవాలుగా పోతున్నట్టు కనిపిస్తుంది.

మెయిన్ పట్టీ ముందు చుట్ట దగ్గర విరగడం అన్నిటికంటే ప్రమాదం. గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో విరిగితే ఆ పక్క చక్రాన్ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. యాక్సిల్ తిరగబడుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడి రోడ్డుకు తగలవచ్చు. కొన్ని కట్టల్లో రెండో పట్టీ చివర కూడా మెయిన్ పట్టీ చుట్ట మీదుగా సగం వంగి ఉంటుంది. మెయిన్ పట్టీ పోయినా కొంతసేపు పట్టి ఉంచడానికి కంపెనీ పెట్టిన కాపు అది. పట్టీల వరుస మార్చే హడావుడిలో ఆ రెండో పట్టీనే తీసేసి మందపాటిది వేస్తే ఆ కాపు కూడా పోయినట్టే.

వెనక లేపితే ముందు కూడా మారుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎత్తుగా ఉండి బండి ముందుకు వాలుతుంది, స్టీరింగ్ తీరు మారుతుంది. లోడు మొత్తం వెనక చివరకు వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. డ్రైవర్లు "స్టీరింగ్ గాల్లో తేలుతోంది" అంటారే, అది ఇదే.

ఎత్తు పెరిగితే వంగే వేగం తగ్గుతుంది

బండి పల్టీ కొట్టడం వెనక సులువైన లెక్క ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బరువు కేంద్రం ఉన్న ఎత్తుతో భాగించాలి. ఉదాహరణకు వెడల్పు 1.4 మీటర్లు అనుకుందాం, సగం 0.7. బరువు కేంద్రం 0.7 మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది 1. పట్టీలతో బండి లేచి, పక్క రేకులు పెంచి, సరుకు పైదాకా నింపితే బరువు కేంద్రం 1.1 మీటర్లకు చేరిందనుకుందాం. అప్పుడు వచ్చేది 0.64. అంటే కాగితం మీద లెక్క ప్రకారమే, ఇదివరకు 40 స్పీడులో తిరిగిన మలుపులో ఇప్పుడు 32 దగ్గరే హద్దు వస్తుంది. నిజం రోడ్డు మీద టైరు వంగడం, కట్ట ఊగడం, గుంత తగలడం కలిసి ఆ హద్దును ఇంకా తగ్గిస్తాయి.

సరుకు కదిలేదైతే మరీ కష్టం. బక్రీద్ ముందు జియాగూడ మేకల మండీకి వచ్చే బండ్లను చూస్తే ఇది అర్థమవుతుంది. ట్రాలీలో చెక్కలు వేసి రెండు అంతస్తులు చేస్తారు. మలుపులో జీవాలన్నీ ఒకే పక్కకు ఒరుగుతాయి, బరువు కూడా వాటితో జరుగుతుంది. నీళ్ల ట్యాంకు సగం నిండి ఉన్న బండికీ ఇదే ప్రమాదం. మామిడి సీజన్‌లో బాటసింగారం మార్కెట్‌కు, మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డుకు రాత్రంతా నడిచే బండ్లలో సరుకు కదలకపోయినా ఎత్తు మాత్రం ఉంటుంది. పైగా డ్రైవర్ నిద్రలేమి.

వెనక మనుషులు ఎక్కితే

పెళ్లికి, బారాత్‌కు, ఉర్సుకు, ఇజ్తెమాకు పికప్ వెనక తిర్పాలు పరిచి పిల్లాపెద్దా ఎక్కి వెళ్లడం మన ఊళ్లలో మామూలే. చిన్న వ్యాన్ కిరాయి కంటే చవక, బండి సొంత మామదో చిన్నాన్నదో అయి ఉంటుంది. కానీ ఆ ట్రాలీ మనుషుల కోసం కట్టింది కాదు. సీటు లేదు, బెల్టు లేదు, పల్టీ కొడితే కాపాడే పైకప్పు లేదు. 2024 మే 20న ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు సేకరించి తిరిగి వస్తున్న ఆదివాసీ కూలీల పికప్ లోయలో పడి 19 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. ఆ బండికి పట్టీలు మార్చారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. సరుకు బండి పల్టీ కొడితే వెనక ఉన్నవాళ్లకు ఏమవుతుందో ఆ ఘటన చెబుతుంది.

ప్రాణం తర్వాత వచ్చే దెబ్బ ఇన్సూరెన్స్‌ది. న్యూ ఇండియా అష్యూరెన్స్, ఆశా రాణి కేసులో 2002లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. గూడ్స్ బండిలో ప్రయాణికులుగా ఎక్కినవాళ్ల విషయంలో పరిహారం కట్టే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీకి లేదు. 1994 సవరణ తర్వాత సరుకుతో పాటు ఉన్న సరుకు ఓనర్‌కు, లేదా అతని తరఫు మనిషికి మాత్రం రక్షణ ఉంది. పెళ్లికి ఎక్కిన బంధువులు ఆ లెక్కలోకి రారు. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీయే కట్టాలి, తర్వాత ఓనర్ నుంచి వసూలు చేసుకోవాలి అని చెప్పాయి. ఎలా చూసినా చివరికి ఆ అప్పు బండి ఓనర్ ఇంటికే వస్తుంది. చనిపోయినవాళ్లూ సొంతవాళ్లే, కట్టాల్సిందీ సొంతవాళ్లకే అన్న పరిస్థితి ఏ కుటుంబాన్నయినా రెండుగా చీల్చేస్తుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు చెల్లవని తేల్చింది.

2019లో చట్టానికి చేసిన సవరణతో శిక్షలు పెరిగాయి. అనుమతి లేని మార్పు చేయించిన ఓనర్‌కు సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఓవర్‌లోడ్‌కు సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. అదనపు సరుకు దించేదాకా బండిని కదలనివ్వరు, దించే ఖర్చు కూడా బండి వాళ్లదే. కాటా వేయించడానికి నిరాకరిస్తే 40,000. సరుకు పక్కలకు గానీ ఎత్తుకు గానీ హద్దు దాటితే దానికి వేరే 20,000. ఇవి కేంద్ర చట్టంలోని అంకెలు. అక్కడికక్కడ చలానాగా వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు.

సొంత బండి డ్యామేజీ క్లెయిమ్‌లో కూడా చిక్కు ఉంది. ప్రమాదం తర్వాత సర్వేయర్ వచ్చి చూసేది డెంట్లను మాత్రమే కాదు. కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, ఆర్‌సీని దాటిన బరువు కనబడితే క్లెయిమ్ తగ్గించడానికో తిరస్కరించడానికో దారి దొరుకుతుంది. కిస్తీ మాత్రం ఆగదు.

సోకు కోసం లేపే బండ్లు

సరుకు కోసం కాకుండా సోకు కోసం పికప్ లేపే అబ్బాయిలూ పెరుగుతున్నారు. మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2022లో ఇండియాకు వచ్చిన టయోటా హైలక్స్ లాంటి బండ్లకు లిఫ్ట్ కిట్లు వేయిస్తారు. వీటిలో ముందు వైపు కమాన్ కట్ట ఉండదు. పైనా కిందా ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. చౌక స్పేసర్లతో ముందు భాగం లేపితే ఆర్ములు కిందికి వంగి బాల్ జాయింట్లు తమ హద్దు దగ్గర పనిచేయాల్సి వస్తుంది. బాల్ జాయింట్ ఊడితే ముందు చక్రం లోపలికి మడుచుకుపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. అమెరికాలో పికప్ ముందు లేపి వెనక దించే ఫ్యాషన్ ఎంత ముదిరిందంటే నార్త్ కరోలినా రాష్ట్రం 2021లో దాన్ని నిషేధించింది. ముందు భాగం లేస్తే డ్రైవర్‌కు ఎదుట రోడ్డు మీద పిల్లలు కనిపించరు, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి.

ఒకసారి రూపాయల్లో లెక్క వేసుకుంటే

ఉదాహరణకు అదనంగా అర టన్ను వేస్తే ట్రిప్పుకు 400 రూపాయలు ఎక్కువ వస్తాయనుకుందాం. నెలకు 25 ట్రిప్పులు, అంటే 10,000. చూడ్డానికి బాగుంది. అందులోంచి ఎక్కువ కాలే డీజిల్, ముందే అరిగే టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బుష్‌లు, బేరింగులు, మళ్లీ మళ్లీ కమాన్ పని, ఆ పని కోసం బండి నిలిచిపోయే రోజులు తీసేయాలి. చట్టం ప్రకారం ఒక్కసారి ఓవర్‌లోడ్ కేసు పడితే 20,000, అంటే ఏ ఖర్చూ తీయకుండా చూసినా రెండు నెలల అదనపు ఆదాయం. ఒక్క క్లెయిమ్ తిరస్కరణకు గురైతే ఏళ్ల ఆదాయం. ఇంటి డైరీలో మూడు నెలలు ఈ రెండు వరసలూ పక్కపక్కన రాసి చూసుకుంటే, అదనపు పట్టీ ఎవరికి లాభమో తేలుతుంది. చాలాసార్లు లాభం సరుకు పార్టీది, ఖర్చు బండిది.

ఇప్పటికే పట్టీలు వేయించినవాళ్లు ఏం చేయాలి?

మొదట బండిని మామూలుగా వేసే లోడుతోనే ఒకసారి కాటా మీద నిలపండి. ఆర్‌సీలోని గ్రాస్ వెయిట్‌తో పోల్చండి. చాలామందికి తాము ఎంత మోస్తున్నామో సరిగ్గా తెలియదు, బస్తాల లెక్కే తెలుసు.

తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కట్టను అసలు స్పెసిఫికేషన్‌కు తెప్పించండి. పట్టీ మారిస్తే రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. కొత్త యూ బోల్టులు, కొత్త సెంటర్ బోల్టులు వేయించాలి. బిగించాల్సిన కొలత ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించమని అడగండి. లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటే దాని రాడ్డు సరిగా ఉందో లేదో చూడమని పేరు పెట్టి అడగండి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగింపు చూపించుకోండి.

రోజూ బండి తీసే ముందు ఐదు నిమిషాలు కింద వంగి చూడటం అలవాటు చేసుకోవాలి.

— ఖాళీ బండి చదునైన చోట ఒక పక్కకు వాలి ఉందా? రెండు పక్కలా టైరు నడుమ నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిస్తే తేడా తెలుస్తుంది.

— యూ బోల్టు నట్ల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉందా? లోపల కదలిక ఉందన్న గుర్తు అది.

— పట్టీ మీద సన్నటి గీత, పట్టీల వరుస పక్కకు జరగడం, షాకిల్ బుష్ నలిగి బయటికి రావడం కనిపిస్తున్నాయా?

— ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ దాకా రెండు పక్కలా కొలత ఒకటేనా? తేడా ఉంటే యాక్సిల్ జరిగినట్టే.

— బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందా? బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు వెనక 'ఠక్' మని చప్పుడు వస్తోందా?

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు లోడు వేయకూడదు. "ఈ ఒక్క ట్రిప్పు దించేసి చూపిద్దాం" అనుకున్న ట్రిప్పులోనే పట్టీ తెగడం డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే.

సెకండ్‌హ్యాండ్ పికప్ కొనేవాళ్లు ఇంజిన్ చప్పుడు విన్నంత శ్రద్ధగా కింద పట్టీలు లెక్కపెట్టాలి. అదే మోడల్ కొత్త బండిలో ఎన్ని ఉన్నాయో షోరూంలో చూసి వచ్చి పోల్చుకుంటే చాలు. ఎక్కువ ఉన్నాయంటే ఆ బండి ఎలా బతికిందో అర్థమైనట్టే. ఛాసిస్ మీద కొత్త రంగు, వెల్డింగ్ అతుకులు ఉన్నా జాగ్రత్త పడాలి. ఎఫ్‌సీ ఉందన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. కొత్త రవాణా బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారే ఎఫ్‌సీ, ఆ తర్వాతే ఏటా. ఆ మధ్యలో మార్చిన పట్టీలు ఎవరి కంటా పడవు.

కొత్తగా బండి తీసుకునేవాళ్లు షోరూంకు వెళ్లేముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే. మన సరుకు నిజంగా ఎంత బరువు? రోజూ టన్నున్నర పడుతుందంటే టన్ను బండి కొని పట్టీలు వేయించడం కంటే టన్నున్నర బండికే కిస్తీ పెట్టుకోవడం మంచిది. అది కుదరకపోతే రెండు ట్రిప్పులు, లేదా తెలిసిన బండితో సరుకు పంచుకోవడం. పెళ్లికి మనుషులు పోవాలంటే మనుషుల బండి. సరుకు పార్టీకి "ఇంతకంటే వేయను" అని చెప్పడం మొదట కష్టంగానే ఉంటుంది. ఒకే మార్కెట్‌లో తిరిగే నాలుగు బండ్ల వాళ్లు కలిసి ఒకే మాట చెబితే అంత కష్టం ఉండదు.